చిలక మార్కు

సెప్టెంబర్ 14, శుక్రవారం

అత్తయ్య వచ్చేసింది. దసరా దాకా మా వంతు. ఆటోలోంచి ట్రంకుపెట్టె దించుతుంటే మా ఆయన "మెల్లగా, మెల్లగా" అని నన్నే కసిరాడు. అందులో ఏముందో నాకు తెలియదా. రెండు పట్టుచీరలు, మామయ్య ఫొటో, అన్నిటికీ అడుగున పాత తువ్వాల్లో చుట్టిన, పొట్లాల మీద బొమ్మ కొట్టే చిలక అచ్చు.

ఆ అచ్చు కోసమే కదా ఈ పాట్లన్నీ. మామయ్య కాలంలో మైసూరులో అగరొత్తులంటే చిలక మార్కే. దేవరాజ మార్కెట్లో నిలబడి "చిలక ఇవ్వు" అంటే చాలు, పొట్లం చేతిలో పడేది. ఆయన పోయాక అన్నదమ్ములు కొట్టుకుని విడిపోయారు. బావగారూ, నా తోడికోడలు మంగళక్కా అగ్రహారంలో ఒక బత్తి చేస్తారు, మేము మండి మొహల్లాలో ఒకటి చేస్తాం. చిలకని మాత్రం అత్తయ్య ఎవరికీ ఇవ్వలేదు. "మీ నాన్న వాసన ఏ ఇంట్లో వస్తే ఆ ఇంటికే అచ్చు" అని పెట్టెలో పెట్టి తాళం వేసింది. ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు మా రెండు బత్తులూ చూస్తుంది. చూసి "ఇంకా రాలేదర్రా" అంటుంది. అలా ఎన్ని దసరాలు పోయాయో.

ఈసారి బావగారు ఖండితంగా చెప్పేశారు. మార్కెట్లో ఎవడో పచ్చపిట్ట బొమ్మ వేసి అమ్మేస్తున్నాడట. "ఈ ఏడు తేల్చకపోతే వాడు మన చిలకని పంజరంతో సహా ఎత్తుకుపోతాడమ్మా" అన్నారు. అత్తయ్య సరే అంది.

ఆ అచ్చు నాదే. ఇందులో అనుమానమేమీ లేదు. మంగళక్క మంచిదే, కాదనను. కానీ మామయ్య ఎలా కలిపితే అలా కలపడం తప్ప ఆవిడకి ఇంకోటి రాదు. ఆ వట్టివేళ్ళూ, ఆ నానబెట్టడాలూ, ఆ వడకట్టడాలూ. లోకం ఎటు పోతోందో చూడదు. నా పొట్లం విప్పితే వీధి చివరిదాకా మల్లెపూలే.

సెప్టెంబర్ 17

బరిలోకి దిగేముందు ఎదుటివాళ్ళ బలం తెలియాలి. మార్కెట్లో దొరికే బత్తులన్నీ కొనుక్కొచ్చాను. కొట్టు సిద్దప్ప నన్ను చూసి "ఏం చెలువమ్మా, చేసేవాళ్ళే కొనుక్కుంటే మేమెవరికి అమ్మాలి" అన్నాడు. "నీ దగ్గర ఎంత చెత్త పోగైందో చూద్దామని" అన్నాను.

మామయ్య పద్ధతే పెట్టాను. పొట్లం దగ్గర ముక్కు పెట్టకూడదు. "పొట్లంలో వాసన పెళ్ళిచూపుల్లో పిల్ల, కాలాక గదిలో మిగిలిన వాసన కాపురానికొచ్చిన పిల్ల" అనేవారు ఆయన, అదీ అత్తయ్య ముందే. గదికో పుల్ల పెట్టి, తలుపు మూసి, పూర్తిగా కాలనివ్వాలి. పొగ సర్దుకున్నాక తలుపు తీసి లోపలికి వెళ్ళాలి. అప్పుడు ముక్కుకి ఏది తగిలితే అదే బత్తి.

రాజఠీవి. డబ్బా మీద బంగారు పూత, లోపల పట్టు కాగితం. మనమిచ్చే ధరలో సగం డబ్బాకే. కాలిస్తే పౌడరు డబ్బా తగలబడినట్టుంది, కళ్ళమ్మట నీళ్ళు.

సంపిగె రథం. చవక. పుల్లలు బోలెడు ఇస్తాడు కానీ సగం దాకా ఉత్త వెదురే. వెలిగించి గంట వాయించేలోపు ఆరిపోతుంది. చావు జరిగిన ఇళ్ళకి కొనేవాళ్ళు కొంటారు. అక్కడ వాసన గురించి ఎవరూ పేచీ పెట్టరు.

గుడిగంట. దీని సంగతి రాయడం దండగ. పైగా పొట్లం మీద దేవుడి బొమ్మ వేశాడు. ఖాళీ అయ్యాక పారేయలేం, ఉంచుకోలేం. ఇంట్లో ఇప్పటికే ఓ సంచీడు దేవుళ్ళు పోగయ్యారు, కావేరిలో కలపడానికి శ్రీరంగపట్నం ఎప్పుడు వెళ్తామో ఏమో.

త్రివేణి. పరవాలేదు. నిజం నిజమే చెప్పాలి. బూడిద తెల్లగా వస్తుంది, వంకీ తిరిగి విరగకుండా నిలుస్తుంది, పొగ గొంతుకి పట్టదు. కానీ తెల్లారేసరికి గదిలో ఆనవాలు లేదు. అంత ధర పెట్టాక కనీసం తెరలకైనా పట్టుకుని ఉండాలా వద్దా.

మాది. అన్నిటికంటే పైన. ఇచ్చిన డబ్బుకి ఇంత వాసన మైసూరులో ఇంకెవడూ ఇవ్వడు.

మంగళక్కది ఇంకా పెట్టలేదు. తొందరేముంది.

సెప్టెంబర్ 19

నేనే పెట్టి నేనే చూసుకుంటే న్యాయం కాదని మా ఆయన్ని కూర్చోబెట్టాను. ఏ గదిలో ఏది వెలిగించాడో నాకు చెప్పకూడదు. మామూలుగానే ఆయన నోట్లోంచి మాట ఊడిపడదు, కాబట్టి ఈ పనికి సరిగ్గా సరిపోయాడు. నన్నూ అత్తయ్యనీ గుడికి పంపి, మేము వచ్చేసరికి అన్నీ సిద్ధం చేశాడు. మంగళక్కది కూడా అందులో కలిపాడట.

మొదటి గదిలో త్రివేణి. చిటికెలో చెప్పేశాను. వంటింటి పక్క గదిలో అడుగు పెట్టగానే దగ్గొచ్చింది. ఎవడో కొత్తవాడి సరుకు, తీపి మరీ ఎక్కువ, చివర్లో గొంతులో గీరుతుంది. వెనక గది తలుపు తీశాను. గడప దగ్గరే ఆగిపోయాను.

"ఇదే. ఇది మనది" అన్నాను.

మా ఆయన గోడకేసి చూస్తూ "వదినది" అన్నాడు.

"సరిగ్గా చూసే పెట్టారా?"

"చూసే పెట్టాను."

"మరి మనదేది?"

"నువ్వు దగ్గింది."

పొద్దున్నుంచీ ఇంట్లో ఇంగువ పోపు. ఆ ఇంగువలో ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది.

సెప్టెంబర్ 20

నిన్నటిది లెక్కలోకి రాదు.

సెప్టెంబర్ 22

మళ్ళీ పెట్టించాను. నాకు కాస్త జలుబు చేసినట్టుంది.

సెప్టెంబర్ 23

పోలికలు ఇక చాలు. చివరికి తేల్చాల్సింది అత్తయ్య ముక్కు. నాది కాదు, మా ఆయనది అసలే కాదు.

ఆ ముక్కు సంగతి ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. మామయ్య కలిపేవారు, అత్తయ్య తల ఊపేది. ఆవిడ తల ఊగకపోతే సరుకు గడప దాటేది కాదు. బెంగళూరు నుంచి వచ్చే షావుకార్లు మామయ్యని పలకరించడానికి ముందే "అమ్మగారు చూశారా?" అని అడిగేవాళ్ళు. ఇప్పటికీ బావగారు కొత్త గంధంపొడి కొంటే చిటికెడు కాగితంలో కట్టుకుని ఆవిడ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి పరిగెత్తుకొస్తారు. ఆవిడ కళ్ళు మూసుకుని పీల్చి, "ఊఁ, పట్టికెళ్ళు" అంటుంది. ఆయన అలాగే పట్టికెళ్తారు.

అలాంటి ముక్కు నా బత్తే అని చెబితే ఇంక తిరుగేముంది.

సెప్టెంబర్ 26

చెప్పింది. చెప్పేసింది.

కొత్త వాయి దిగింది పొద్దున. మా ఇంట్లో ఏ వాయిలోనైనా మొదటి పుల్ల దేవుడిది. ఆయనకి వెలిగించకముందు దాన్ని ఎవరూ వాసన చూడకూడదు. చూస్తే నైవేద్యం ఎంగిలి చేసినట్టే. నేను చీకట్లోనే స్నానం చేసి, చాటలోంచి ఒక పుల్ల తీసి, దేవుడి గదిలో వెలిగించి, అత్తయ్యని పీట మీద కూర్చోబెట్టి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తాను. ఆవిడ తలుపు మూసుకుంది.

బయటికొచ్చేసరికి ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "చెలువీ, వచ్చిందే. మీ మామ పక్కన కూర్చున్నట్టే ఉంది" అంది.

నేను కాళ్ళకి దణ్ణం పెట్టేశాను. ఆవిడ నా తల నిమిరింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెయ్యి నా తల మీద పడడం ఇదే మొదటిసారి అనుకుంటా.

మా ఆయనతో చెబితే "అమ్మ అలా అందా?" అని రెండుసార్లు అడిగాడు. కేసరిబాత్ చేశాను. నెయ్యి ఇంకాస్త ఎక్కువే పోశాను.

సెప్టెంబర్ 27

చాటలు సర్దుతుంటే తెలిసింది. కొత్త వాయి కట్టలు దారం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. విప్పి ఉన్నది పక్క చాట. అందులో ఉన్నవి ముడిపుల్లలు. బొగ్గుపొడీ జిగటా పిసికి చుట్టినవి, ఇంకా సువాసన నూనెలో ముంచనివి. చూపుకి రెండూ ఒకటే నలుపు. బత్తులు చేసే ఇంట్లో తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెక్కడా జరగదు. నిన్న నేను దేవుడి ముందు కాల్చింది ఉత్త కట్టెపుల్ల.

నా చేతులకి ఎప్పుడూ నూనె వాసనే. పుల్లకి కాస్త అంటుకుని ఉంటుంది. అత్తయ్యకి ఆ మాత్రం చాలు. అంత గొప్ప ముక్కు మరి.

అక్టోబర్ 1

ఊరికే చూద్దామని చేశాను. చెయ్యి సబ్బుతో కడుక్కుని, ఇంకో ముడిపుల్ల వెలిగించి, "మంగళక్క పంపింది, చూడండి అత్తయ్యా" అన్నాను. కళ్ళు మూసుకుని పీల్చింది. "ఊఁహూఁ. ఘాటు. మంగళ చెయ్యి బరువు" అంది.

సాయంత్రం అదే చాటలోంచి ఇంకోటి. ఈసారి "మనదే" అన్నాను.

"ఆహా. పారిజాతం చెట్టు కింద కూర్చున్నట్టుంది" అంది.

మేము వేసేది మల్లె. అది కూడా ఆ పుల్లలో లేదు.

అక్టోబర్ 4

మేడ మీద చాటలు ఎండబెడుతుంటే మాడు వాసన గుప్పుమంది. ఒక్క ఉదుటున కిందికి దిగాను. పొయ్యి మీద ఉలవచారు అడుగంటి బొగ్గైపోతోంది. అత్తయ్య అక్కడే, పొయ్యికి వీపు పెట్టి గుమ్మంలో కూర్చుని, పూలు కట్టుకుంటూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"అత్తయ్యా" అన్నాను.

తిరిగి చూసింది. గిన్నెని చూసింది, నన్ను చూసింది. వేళ్ళలో దారం ఆగిపోయింది.

"కునుకు పట్టిందే" అంది.

పాట పాడుతూ కునికేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. గిన్నె తీసుకెళ్ళి పెరట్లో తోముతుంటే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

"మంగళతో చెబుతావా?"

"ఏం చెప్పాలి?"

"ఉలవచారు మాడబెట్టానని."

"ఉలవచారు సంగతి కూడా ఊరంతా టముకు వెయ్యాలా" అన్నాను.

అప్పుడు బావి గట్టు మీద కూర్చుంది. "మీ మామ పోయిన ఏడు వానల్లో నాకు జ్వరమొచ్చింది గుర్తుందా. మంచం దిగాక జ్వరం పోయింది. దాంతోపాటే ఇదీ పోయింది" అని ముక్కు మీద వేలేసి చూపించింది. "కాఫీ తాగుతున్నానో వేణ్ణీళ్ళు తాగుతున్నానో తెలియదే నాకు."

"బావగారికైనా చెప్పకపోయారా."

"చెబితే? నెలకో ఇంట్లో తిని కూర్చునే ముసలిదాన్నవుతాను. వాడు చిటికెడు గంధంపొడి పట్టుకుని అమ్మా అంటూ వస్తాడు చూడు, ఆ రాకడ ఆగిపోతుంది."

అందుకే అన్ని దసరాలకీ "ఇంకా రాలేదర్రా" అంటూ వచ్చింది. పాపం, ఇంకేమంటుంది. ఎంత తోమినా గిన్నె మాడు వదల్లేదు.

అక్టోబర్ 6

అత్తయ్య నాచేత తల దువ్వించుకుంటూ అడిగింది. "ఆయుధపూజ నాడు నీ పుల్ల ఏ గదిలో పెడతావు?"

"వెనక గదిలో" అన్నాను.

"సరే" అంది.

అంతే జరిగింది. నేను అడగలేదు. అడిగింది ఆవిడ. పెద్దవాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పడం తప్పా?

నేను నోరు మూసుకుని ఉండడానికి ఇది ధర అనుకుంది కాబోలు. కాబోలు ఏమిటి, అలాగే అనుకుంది. నన్ను అంత తక్కువ చేసినందుకు ఒళ్ళు మండింది. "అవేం వద్దు అత్తయ్యా" అని ఒక్క మాట అంటే పోయేది. జడ అల్లడం పూర్తి చేశాను.

అక్టోబర్ 10

నవరాత్రి మొదలు. బొమ్మలు పెట్టాం. దసరా ఊరేగింపుకి అలవాటు చెయ్యడానికి ఏనుగుల్ని నడిపించుకుంటూ వెళ్తుంటే రోడ్డు మీద మనుషులకి చోటు లేదు.

పొట్లం రంగు ఆలోచిస్తున్నాను. మామయ్య కాలంలో పసుపు కాగితం మీద ఆకుపచ్చ చిలక. ఇప్పుడు ఎరుపు మీద వేస్తే దూరానికి కనిపిస్తుంది. సిద్దప్ప కొట్టులో పై వరసలో నిలబెట్టిస్తాను. త్రివేణి వాణ్ణి కింది వరసలోకి దిగమంటాను.

అక్టోబర్ 14

మంగళక్క కోడుబళె పంపింది, మన చేగోడీల్లాంటివే. బాగానే చేస్తుంది. ఉప్పు ఒక పిసరు ఎక్కువ.

అక్టోబర్ 18, గురువారం

అచ్చు నా దగ్గరుంది. ఇది రాస్తుంటే ఒళ్ళోనే ఉంది.

ఆయుధాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక బావగారూ మంగళక్కా వచ్చారు. మంగళక్క తన పుల్ల ఆకులో చుట్టి తెచ్చి నా చేతికిచ్చింది. ఎవరింట్లో పరీక్ష జరిగితే ఆ ఇంటి కోడలే పుల్లలు పెట్టాలి, ఏ గదిలో ఎవరిది పెట్టిందో తీర్పు అయ్యేదాకా చెప్పకూడదు. మామయ్య పెట్టిన కట్టుబాటు. మంగళక్కది ముందు గదిలో పెట్టాను, నాది వెనక గదిలో. అందరం వీధి అరుగు మీద కూర్చున్నాం. బావగారు రాజకీయాలు మాట్లాడారు. మా ఆయన చెప్పు కొనతో నేల గీశాడు.

పుల్లలు కాలాక అత్తయ్య లేచింది. స్నానం చేసి, కాఫీ కూడా ముట్టకుండా ఉంది, పూర్వం ఉన్నట్టే. ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తర్వాత వెనక గదిలోకి. అక్కడ ఎక్కువసేపు ఉంది. లోపల ఏం చేసిందో నాకు తెలుసు. ఊరికే నిలబడి ఉంటుంది.

వచ్చి అరుగు మీద కూర్చుంది. "వెనక గది. మీ నాన్న అక్కడున్నాడు" అంది.

అందరూ నావైపు చూశారు. "వెనక గదిలోది నాది" అన్నాను.

బావగారు మొహం గంటు పెట్టుకున్నారు. మంగళక్క మాత్రం ఒక్క క్షణం నేలకేసి చూసి, లేచి వచ్చి నా బుగ్గలు పట్టుకుంది. "నా ముక్కుకి నాదే సరిగ్గా ఉందనిపించింది చెలువీ. కానీ అత్తయ్య ముక్కు ముందు నా ముక్కెంత. మామయ్యని నువ్వు నిలబెట్టావు, అది చాలు" అంది.

అత్తయ్య పెట్టె తాళం తీసి, తువ్వాలు విప్పి, అచ్చు నా చేతుల్లో పెట్టింది. నా కళ్ళల్లోకి చూడలేదు.

గెలిచాను.

అక్టోబర్ 19

ఏనుగుల ఊరేగింపు, జంబూసవారి చూడ్డానికి అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. పొట్లాల పని ఉంది. పని ఉందన్నానే గానీ ఏమీ చెయ్యలేదు.

అక్టోబర్ 21

మంగళక్క వచ్చింది. ఒంటరిగా, బస్సులో. చేతిలో చిన్న గిన్నె, రాసుకోవడానికి కొంగున కట్టుకున్న కలం.

"నేర్పు" అంది.

"ఏమిటి అక్కా?"

"నువ్వు కలిపేది. నాకంటే చిన్నదానివి, అయినా సరే. నేను మామయ్య పక్కన అన్నేళ్ళు కూర్చుని నేర్చుకున్నాననుకున్నాను. ఎక్కడో తప్పాను. ఆలోచించి ఆలోచించి ఆ వట్టివేళ్ళ కషాయమే అయ్యుంటుందనుకున్నాను. అది మానేస్తున్నాను. కలిపి ఉంచిన జాడీలన్నీ రేపు పారబోస్తాను. ఇంట్లో రెండు వాసనలెందుకు, చిలక ఏది చెబితే అదే చేద్దాం."

ముందు నాకు భలే గర్వంగా అనిపించింది. దాచుకోవడమెందుకు. మంగళక్క నా ముందు నేల మీద కూర్చుని నేర్పమని అడుగుతోంది. నా సీసా తీశాను. బజార్లో తయారుగా దొరికే మల్లె సారం. మూత తీసి ఆవిడకి ఇచ్చాను. ఆవిడ వాసన చూసింది. ఆవిడ మొహంలో ఏదో కదిలింది, కానీ అణచుకుంది. అత్తయ్య ముక్కు చెప్పిందిగా మరి.

"ఇదేనా?" అంది నెమ్మదిగా.

"ఇదే" అన్నాను.

"రేపే పారబొయ్యకు అక్కా. పున్నమి వెళ్ళనీ" అని కూడా అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆవిడ సరే అంది. ఇప్పుడు నేనేం చెప్పినా సరే అంటుంది. అత్తయ్య పక్కగదిలోనే ఉంది, అన్నీ వింటూ.

అక్టోబర్ 22

మొన్నటి పోలికలకి కొన్న మంగళక్క పొట్లంలో ఒక్క పుల్ల మిగిలి ఉంది. వెనక గదిలో పెట్టి తలుపు మూశాను. తర్వాత తీశాను.

మామయ్య ఉన్నారు. ఇంకెలా రాయను. తడిసిన మట్టి, వట్టివేరు, అడుగున ఎక్కడో గంధం. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజు భయంతో వంటింటి మూల నిలబడి ఉంటే, చేతులకి బత్తుల మసాలా పిండితోనే వచ్చి "అమ్మాయికి కాఫీ ఇచ్చారా ఎవరైనా?" అని అరిచిన మనిషి వాసన. అక్కడే కూలబడి ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను.

సెప్టెంబర్ 19న మా ఇంట్లో ఇంగువ పోపు లేదు. జలుబూ లేదు. త్రివేణిని చిటికెలో చెప్పిన ముక్కు నాది, నాది నాకు తెలియకపోవడమేమిటి. తెలిసే దగ్గాను.

ఆవిడ ఆ జాడీలు పారబోస్తే ఈ వాసన ఇంక ఈ భూమ్మీద ఉండదు. దాన్ని చంపింది నేనే అవుతాను, చిలకని చంకలో పెట్టుకుని.

నిజం చెప్పాలంటే అత్తయ్య ముక్కు లేదని చెప్పాలి. అది మాత్రం నా వల్ల కాదు. బావగారి చేతిలో గంధంపొడి పొట్లం, ఆవిడ "ఊఁ, పట్టికెళ్ళు" అనడం, అది నేను లాక్కోలేను.

ఇంకో దారి ఉంది. కాస్త కంపు దారి. నాలాంటి మనిషి తప్ప ఇంకెవరూ నడవలేరు.

అక్టోబర్ 23, మంగళవారం

రేపు పున్నమి. అత్తయ్యని తీసుకెళ్ళడానికి బావగారూ మంగళక్కా వచ్చారు. కాఫీలయ్యాక అచ్చు తెచ్చి మంగళక్క ఒళ్ళో పెట్టాను.

"ఇది నీది. ఆ రోజు గదులు తారుమారు చెప్పాను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, గట్టిగా. "వెనక గదిలో కాలింది అక్క పుల్ల. నాది ముందు గదిలో పెట్టాను. అత్తయ్య వెనక గది అనగానే నాది అనేశాను. అత్తయ్య మెచ్చింది మంగళక్క బత్తినే. అక్కా, నువ్వు ఒక్క వేరు కూడా మార్చకు."

చెప్పేశాక ఎందుకో హాయిగా అనిపించింది. అబద్ధం చెప్పడంలో కూడా మనకి చెయ్యి తిరిగిందే అనుకున్నాను.

బావగారు లేచి నిలబడ్డారు. ఏమేం అన్నారో అన్నీ రాయను. తండ్రి పేరు దొంగిలించే కోడలు వచ్చిందన్నారు. ఈ ఇంట్లో ఇంక మంచినీళ్ళు ముట్టనన్నారు, కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది. మా ఆయన్ని "నీకూ తెలుసా?" అని నిలదీశారు. మా ఆయన నావైపు చూశాడు. ఆయనకి తెలియనిది ఏముంది, వెనక గదిలో నాదే పెడుతున్నానని ఆ రోజు పొద్దునే కట్టుబాటు తప్పి ఆయనతో చెప్పాను. "నేనేం చెప్పను" అన్నాడు. జన్మలో మొదటిసారి ఆయన మాట్లాడకపోవడం నాకు నచ్చింది.

మంగళక్క ఏడుస్తోంది. అచ్చుని గుండెకి పట్టుకుని, "నేనూ అదే అనుకున్నా, నేనూ అదే అనుకున్నా" అంటోంది. నావైపు తిరిగి, "నీకు కావాలంటే అడిగి ఉంటే ఇచ్చేదాన్నే కదే" అంది. అదొక్కటే నాకు గుచ్చుకుంది. బావగారి తిట్లన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

అత్తయ్య మంచం మీద కదలకుండా కూర్చుని ఉంది. నేను ఆవిడ మొహంలోకి చూడలేదు. చూస్తే ఇద్దరం బయటపడిపోతాం.

"ఏరా శ్రీకంఠా, మీ నాన్న ఏ గదిలో ఉన్నాడని చెప్పాను?" అని బావగారిని అడిగింది చివరికి.

"వెనక గదిలో అన్నావమ్మా."

"నా ముక్కు తప్పిందా?"

"నీ ముక్కు ఎప్పుడు తప్పింది? ఇదుగో, ఈ మహాతల్లి చేసిన పని" అన్నారు బావగారు.

"అదీ" అని అత్తయ్య నావైపు తిరిగింది. "సిగ్గు లేదుటే? పెద్దదాన్ని, నా తీర్పునే తిరగేస్తావా? మీ మామ ఉంటే చాట తిరగేసి కొట్టేవాడు. చిలక కావాల్సొచ్చిందా నీకు, చిలక?" ఇంకా చాలా అంది. ఆవిడ అంత గట్టిగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు. మధ్యలో గొంతు జీరపోతే దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ అందుకుంది. నేను తల వంచుకుని నిలబడ్డాను.

తిట్లు అయ్యాక బావగారు వంగి ట్రంకుపెట్టె ఎత్తబోయారు.

"దించరా" అంది అత్తయ్య. "ఇలాంటి దొంగదాన్ని ఒంటరిగా వదిలేసి ఎక్కడికి వస్తాను. దీని మీద ఓ కన్నేసి ఉంచాలి. ఈ నెల కూడా ఇక్కడే ఉంటాను. వచ్చే నెల సంగతి వచ్చే నెల చూద్దాం."

ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ తిట్లు తినలేదు.